“50 శాతం స్కాలర్‌షిప్” అంటే ఎందులో 50 శాతం? ఔటాఫ్ స్టేట్ కాలేజీలో ఆడబోయే పిల్లల ఫీజు లెక్క

మీ ప్రశ్న పెద్దదే కాబట్టి, తర్వాత చదివేవాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. మీరుండేది డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో. అమ్మాయి పదకొండో తరగతి, టెన్నిస్ బాగా ఆడుతుంది, మార్కులు కూడా బాగున్నాయి. మీవారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, పాపది దాని మీద పిల్లలకి వచ్చే హెచ్-4. వేరే రాష్ట్రంలో ఒక డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై స్థాయి) పబ్లిక్ యూనివర్సిటీ కోచ్ ఫోన్ చేసి “50 శాతం ఇస్తాం” అన్నారు. తీరా వెబ్‌సైట్‌లో ఔటాఫ్ స్టేట్ ఫీజు, అంటే బయటి రాష్ట్రాల పిల్లలకి వేసేది చూస్తే మీకు టెన్షన్ పట్టుకుంది. అక్కడ ఒక అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుంటే ఇన్-స్టేట్ ఫీజు వస్తుందా అని ఒక ప్రశ్న, హెచ్-4 వల్ల అడ్డంకులేమైనా ఉన్నాయా అని ఇంకొకటి. మీవారేమో ఇదంతా ఎందుకు, టెక్సస్‌లోనే చేర్పిద్దాం అంటున్నారు.

నేను ఒక స్టేట్ యూనివర్సిటీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. అథ్లెట్ల కాగితాలు మా సెక్షన్ దాటకుండా వెళ్లేవి కావు. అక్కడ చూసినదాన్ని బట్టి, ఇప్పటి రూల్స్‌ని బట్టి చెప్తున్నాను.

మీకు కోచ్ చెప్పిన శాతం మంచిదో కాదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఎందులో 50 శాతమో ఆయన చెప్పలేదు, మీరూ అడగలేదు. మొహమాటం కొద్దీ చాలామంది అడగరు. లెక్క కోసం ఒక యూనివర్సిటీని ఊహించుకుందాం. ఔటాఫ్ స్టేట్ ట్యూషన్, ఫీజులు కలిపి ఏడాదికి 32 వేల డాలర్లు. అదే ఆ రాష్ట్రం పిల్లలకైతే 12 వేలు. హాస్టల్, భోజనం 13 వేలు. పుస్తకాలు, ప్రయాణాలు, చిల్లర ఖర్చులు 5 వేలు. అంటే మీ అమ్మాయికి మొత్తం ఖర్చు 50 వేలు.

ఇప్పుడు కోచ్ ఉద్దేశం మొత్తం ఖర్చులో సగం అయితే, 25 వేలు వాళ్లవి, 25 వేలు మీవి. ట్యూషన్‌లో మాత్రమే సగం అయితే వాళ్లిచ్చేది 16 వేలు, మీ చేతినుంచి 34 వేలు. కొన్నిచోట్ల ఇన్-స్టేట్ ట్యూషన్‌లో సగం అనే అర్థంలో కూడా ఈ మాట వాడతారు. అప్పుడు వచ్చేది 6 వేలే, మీరు కట్టేది 44 వేలు. ఇంకోచోట ఔటాఫ్ స్టేట్ అదనపు ఫీజు మొత్తం మాఫీ చేసి, మిగిలిన ఇన్-స్టేట్ ట్యూషన్‌లో సగం ఇస్తారు. అప్పుడు 20 వేలు మాఫీలో, 6 వేలు స్కాలర్‌షిప్‌లో పోయి మీకు పడేది 24 వేలు. చూశారుగా, నాలుగూ “50 శాతమే”. ఏడాదికి 24 వేల నుంచి 44 వేల దాకా తేడా. నాలుగేళ్లకి 80 వేల డాలర్లు.

ఇందులో రెండో రకమే ఎక్కువగా కనిపిస్తుంది. మీవారి మాటకి బలం వచ్చేది కూడా అక్కడే. ఇదే ధరల్లో మీ సొంత రాష్ట్రంలో ఒక్క డాలరు స్కాలర్‌షిప్ లేకుండా చేరినా ఏడాదికి 30 వేలు అవుతుంది. అంటే సగం ట్యూషన్ “గెలుచుకుని” బయట రాష్ట్రానికి వెళ్తే, ఏమీ గెలవకుండా ఇంటిదగ్గర చదివినదాని కంటే 4 వేలు ఎక్కువ కడతారు. అలాగని ఆ ఆఫర్ చెడ్డదని కాదు. పాపకి ఆ టీమ్, ఆ కోర్సు నచ్చితే ఆ 4 వేలకి విలువ ఉండొచ్చు. కానీ దాన్ని “సగం ఫ్రీ” అని చుట్టాలకి చెప్పుకునే ముందు లెక్క తెలిసి ఉండాలి.

నేను వేసిన అంకెలు గాల్లోంచి తీసినవి కావు. కాలేజ్ బోర్డ్ 2024-25 లెక్కల ప్రకారం నాలుగేళ్ల పబ్లిక్ కాలేజీల్లో ప్రచురించిన ట్యూషన్, ఫీజుల సగటు ఇన్-స్టేట్ వాళ్లకి 11,610 డాలర్లు, ఔటాఫ్ స్టేట్ వాళ్లకి 30,780. సగటుకి అటూ ఇటూ తేడా చాలా ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా అడిగే పర్డ్యూలో ఏళ్ల తరబడి ట్యూషన్ పెంచకుండా ఔటాఫ్ స్టేట్‌కి 28,794 దగ్గర ఆపారు. మిషిగన్ ఆన్ ఆర్బర్‌లో ఔటాఫ్ స్టేట్ ట్యూషన్ ఒక్కటే 60 వేలు దాటిపోయింది. రెండుచోట్లా ఎవరో 50 శాతం ఇస్తామన్నారనుకోండి, ఆ రెండు సగాలకీ పోలికే లేదు.

ఇక ఆడపిల్లల టెన్నిస్‌లో ఈ సగం ఆఫర్లు ఎందుకు పెరిగాయో తెలిస్తే మీకు కోచ్‌తో మాట్లాడటం తేలికవుతుంది. నిన్నమొన్నటి దాకా డివిజన్ 1లో అమ్మాయిల టెన్నిస్ జట్టులో 8 మందికే స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చన్న లెక్క ఉండేది. ఆ 8 మందిలో ఒకరికి పది శాతం ఇచ్చినా పూర్తి ఇచ్చినట్టే లెక్కపడేది. అందుకని కోచ్‌లు ఇస్తే పూర్తిగా ఇచ్చేవాళ్లు, లేకపోతే లేదు. అబ్బాయిల టెన్నిస్‌కి 4.5 స్కాలర్‌షిప్‌లు మాత్రమే ఉండేవి. వాటిని ముక్కలు చేసి పంచేవాళ్లు. మీ పక్కింటి వాళ్ల అబ్బాయికి 30 శాతం, వేరే స్నేహితురాలి అమ్మాయికి ఫుల్ రైడ్ (పూర్తి స్కాలర్‌షిప్) అని పాత కథలు వింటూ ఉంటే కారణం అదే, ఆటలో తేడా కాదు.

2025 జూన్‌లో, కాలేజీ ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కి జడ్జి ఆమోదం వచ్చాక ఇది మారింది. అందులో చేరిన యూనివర్సిటీలకి స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండొచ్చన్న పరిమితి వచ్చింది. టెన్నిస్‌కి అది 10 మంది, అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా. ఆ పదిమందికీ పూర్తిగా ఇవ్వొచ్చు, సగం సగం ఇవ్వొచ్చు, కోచ్ ఇష్టం. పేపర్లలో ఇది చదివి “స్కాలర్‌షిప్‌లు పెరిగాయంట” అని సంబరపడ్డవాళ్లు చాలామంది. ఇవ్వొచ్చు అనడం వేరు, ఇవ్వడానికి డబ్బుండటం వేరు. అదే సెటిల్‌మెంట్ ప్రకారం యూనివర్సిటీలు మొదటి ఏడాది ఆటగాళ్లకి నేరుగా 20.5 మిలియన్ డాలర్ల దాకా పంచొచ్చు. ఆ డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్‌కి, బాస్కెట్‌బాల్‌కి వెళ్తుంది. టెన్నిస్, స్విమ్మింగ్, గోల్ఫ్ లాంటి ఆటలకి మిగిలేది అరకొర. కొన్ని కాలేజీలు టెన్నిస్ టీమ్‌నే ఎత్తేశాయి కూడా. కాబట్టి మీ కోచ్ సగం అంటున్నారంటే అమ్మాయి మీద నమ్మకం లేక కాకపోవచ్చు. ఉన్న బడ్జెట్‌ని పదిమందికీ సర్దుతూ ఉండొచ్చు. అదే నిజమైతే రెండో ఏడు, మూడో ఏడు పెంచే వీలుందా అని అడగడంలో తప్పు లేదు. టీమ్ ఎత్తేస్తే డిగ్రీ అయ్యేదాకా స్కాలర్‌షిప్ కొనసాగిస్తారా అని కూడా అడగండి. అది అపశకునం కాదు, ఇప్పుడు అందరూ అడుగుతున్నదే.

ఔటాఫ్ స్టేట్ అమ్మాయి అంటే కోచ్‌కి కూడా లెక్క మారుతుంది. ఇది బయటివాళ్లకి తెలియదు. కొన్ని యూనివర్సిటీల్లో అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్ కోచ్‌కి “ఇన్ని స్కాలర్‌షిప్‌లు” అని ఇస్తుంది. అలాంటిచోట పిల్ల ఏ రాష్ట్రం నుంచి వచ్చినా కోచ్‌కి ఒకటే. ఇంకొన్నిచోట్ల “ఇన్ని డాలర్లు” అని ఇస్తుంది. అలాంటిచోట ఒక ఔటాఫ్ స్టేట్ పిల్లకి ఇచ్చేదాంతో ఇద్దరు లోకల్ పిల్లల్ని తెచ్చుకోవచ్చు. ఈ తలనొప్పి ఎంతంటే నార్త్ కరొలైనా రాష్ట్రం 2005లో పూర్తి స్కాలర్‌షిప్ మీద వచ్చే బయటి రాష్ట్రాల విద్యార్థుల్ని ట్యూషన్ వరకు సొంత రాష్ట్రం వాళ్లుగానే లెక్కపెట్టమని చట్టం చేసింది. అథ్లెటిక్స్ వాళ్లకి అది వరమైంది. ఖజానా ఇబ్బందుల్లో పడ్డాక 2010లో ఆ చట్టాన్ని తీసేశారు. ఇప్పటికీ కొన్ని యూనివర్సిటీలు అథ్లెట్లకి ఔటాఫ్ స్టేట్ వాటా మాఫీ చేసే పద్ధతులు పెట్టుకున్నాయి. మీ కోచ్‌ని సూటిగా అడగాల్సిన ప్రశ్న ఇదే. “నాన్‌రెసిడెంట్ వేవర్ ఏమైనా ఉందా? మీరన్న 50 శాతం దాన్ని కలిపా, విడిగానా?” కోచ్‌కి తెలియకపోతే, రూల్స్ చూసే కంప్లయన్స్ ఆఫీసుని అడిగి చెప్తారు. రోజూ చేసే పనే అది, ఏమీ అనుకోరు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. మీ అమ్మాయి మార్కులు బాగున్నాయని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నా దృష్టిలో మీ ప్రశ్న మొత్తంలో ఎక్కువ డబ్బు ఉన్న వాక్యం అది. హైస్కూల్లో ఆడేవాళ్లలో కాలేజీ అథ్లెటిక్ స్కాలర్‌షిప్ ఏదో ఒకటి వచ్చేది సుమారు 2 శాతం మందికే అని కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏనే చెప్తుంది. మార్కుల మీద ఇచ్చే మెరిట్ డబ్బు అంతకంటే చాలా ఎక్కువమందికి వస్తుంది. పైగా 2020 నుంచి డివిజన్ 1లో మెరిట్ డబ్బు, అవసరాన్ని బట్టి ఇచ్చే ఎయిడ్ టీమ్ స్కాలర్‌షిప్‌ల పరిమితి లెక్కలోకి రావడం లేదు. అంటే కోచ్ ఇచ్చేదాని మీద యూనివర్సిటీ ఇచ్చే మెరిట్ విడిగా చేరొచ్చు. అందుకే తెలివైన కోచ్ మొదటి ఫోన్‌లోనే పిల్ల జీపీఏ, ఎస్ఏటీ స్కోరు అడుగుతాడు. పది వేలు మెరిట్‌లో వచ్చిందంటే ఆ పది వేలు ఆయన బడ్జెట్‌లో మిగిలినట్టే.

ఔటాఫ్ స్టేట్ భారం తగ్గించే మెరిట్ పథకాలు రాష్ట్రానికో తీరు. మీరు టెక్సస్ వాళ్లు కాబట్టి మీకు పనికొచ్చేవి చెప్తాను. పక్క రాష్ట్రం ఆర్కన్సా యూనివర్సిటీ (ఫెయెట్‌విల్) సరిహద్దు రాష్ట్రాల పిల్లలకి, అందులో టెక్సస్ కూడా ఉంది, మార్కుల్ని బట్టి ఇన్-స్టేట్‌కీ ఔటాఫ్ స్టేట్‌కీ మధ్య తేడాలో 70 నుంచి 90 శాతం తగ్గిస్తుంది. ఆటతో సంబంధం లేదు. అలబామా యూనివర్సిటీ ఔటాఫ్ స్టేట్ పిల్లలకి జీపీఏ, టెస్టు స్కోరు పట్టీ చూసి ఆటోమేటిక్‌గా మెరిట్ ఇవ్వడంలో పేరున్నది. ఏ స్కోరుకి ఎంతో వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, కోచ్‌ని అడగక్కర్లేదు. పశ్చిమ రాష్ట్రాల వాళ్లకి డబ్ల్యూయూఈ అనే ఒప్పందం ఉంది, దాన్ని “వూయీ” అని పిలుస్తారు. అందులో ఇన్-స్టేట్ ట్యూషన్‌కి ఒకటిన్నర రెట్లకి మించి తీసుకోరు. మిడ్‌వెస్ట్‌లో అలాంటిదే ఇంకొకటి ఉంది. టెక్సస్ ఈ రెండింట్లోనూ లేదు కాబట్టి మీకు వర్తించవు. కాలిఫోర్నియా, కొలరాడో, అరిజోనాల్లో ఉన్నవాళ్లు మాత్రం తప్పకుండా చూసుకోండి.

బయటి నుంచి టెక్సస్‌కి రావాలనుకునేవాళ్లకి తిరగేసిన మాట ఒకటి ఉంది. టెక్సస్ చట్టం ప్రకారం పబ్లిక్ యూనివర్సిటీలో పోటీ మీద వచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి వెయ్యి డాలర్లకి తగ్గకుండా వస్తే, ఇన్-స్టేట్ ట్యూషన్ కట్టే అవకాశం ఇవ్వొచ్చు. ఇలా ఇచ్చే సీట్లకి పరిమితి ఉంది, ప్రతి క్యాంపస్ ఒకేలా వాడదు. వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ పదిహేను, ఇరవై వేల తేడా తీసుకురావడం అక్కడ మామూలే.

మెరిట్‌తో రెండు చిక్కులున్నాయి. మొదటిది గడువు. మెరిట్ గడువులు తరచుగా నవంబర్, డిసెంబర్‌లోనే ముగుస్తాయి. “కోచ్ చూసుకుంటారులే” అని మామూలు అప్లికేషన్ ఆలస్యం చేసి ఈ డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు నాకు బాగా తెలుసు. రెండోది నిలబెట్టుకోవడం. చాలా మెరిట్ స్కాలర్‌షిప్‌లకి ఏటా ఒక కనీస జీపీఏ ఉంటుంది. టెన్నిస్ అసలు సీజన్ వసంతంలో. గురువారం బస్సెక్కితే ఆదివారం రాత్రి తిరిగొస్తారు. ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ శుక్రవారం మధ్యాహ్నం పెడితే ఏం చేస్తారు? ప్రీ-మెడ్, ఇంజినీరింగ్ అనుకుంటున్న పిల్లలైతే ఇప్పుడు టీమ్‌లో ఎవరు ఏ మేజర్ చదువుతున్నారో రోస్టర్ పేజీ తీసి చూడండి. పదిమందిలో ఒక్క ఇంజినీరింగ్ పిల్ల కూడా లేదంటే దానికో కారణం ఉంటుంది.

ఇక కోచ్ మాట ఎంతవరకు నమ్మాలి? ఆయన మంచివాడే కావొచ్చు. కానీ ఫోన్‌లో ఇచ్చిన ఆఫర్‌కి రూల్ ప్రకారం విలువ లేదు, మీవైపు నుంచీ లేదు, ఆయన వైపు నుంచీ లేదు. నోటిమాట నీటిమూట. పన్నెండో తరగతి మొదలయ్యే ఏడాది ఆగస్టు 1 నుంచి కాగితం మీద ఆఫర్ ఇవ్వొచ్చు. సంతకాలు నవంబర్‌లో. ఇదివరకు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని, ఫలానా కాలేజీలో చేరతానని సంతకం పెట్టే కాగితం ఒకటి ఉండేది, 2024 అక్టోబర్‌లో దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు అసలు కాగితం ఫైనాన్షియల్ ఎయిడ్ అగ్రిమెంట్. అది వచ్చినప్పుడు పైనున్న అభినందనల పేరా వదిలేసి కిందికి రండి.

అక్కడ మొదట చూడాల్సింది కాలపరిమితి. ఒక విద్యా సంవత్సరమా, నాలుగేళ్లా? 2012 నుంచి ఒకటి కంటే ఎక్కువ ఏళ్లకి ఇవ్వడానికి ఎన్‌సీఏఏ ఒప్పుకుంటుంది, అయినా చాలా కాగితాల మీద ఇప్పటికీ ఒక్క ఏడాదే ఉంటుంది. ఏడాదికే ఇస్తే ప్రతి జూలై 1 లోపు పొడిగిస్తున్నారో, తగ్గిస్తున్నారో, ఆపేస్తున్నారో రాతపూర్వకంగా చెప్పాలి. తగ్గిస్తే అప్పీలు చేసుకునే హక్కు ఉంటుంది. ఆ అప్పీలు వినేది అథ్లెటిక్స్ వాళ్లు కాదు. ఆ నోటీసులో సన్నక్షరాల్లో ఉండే ఈ వాక్యం చదవకుండా ఏడుస్తూ ఇల్లు చేరిన పిల్లలున్నారు.

తర్వాత మొత్తం. అది శాతంగా రాశారా, డాలర్లలో రాశారా? డాలర్లలో 16 వేలు అని రాస్తే, ఫీజు ఏటా 3 శాతం పెరిగినా నాలుగో ఏటికి 32 వేల ట్యూషన్ దాదాపు 35 వేలవుతుంది. ఆ 3 వేలు మీమీదే పడతాయి. శాతంగా రాస్తే పెరుగుదలలో సగం వాళ్లు మోస్తారు. ట్యూషన్, ఫీజులు, రూమ్, భోజనం, పుస్తకాలు విడివిడిగా ఉంటాయి, ఏవి చేర్చారో చూడండి. వేసవి క్లాసులు మామూలుగా ఇందులో ఉండవు. సీజన్‌లో క్రెడిట్లు తగ్గించుకుని వేసవిలో పూర్తిచేసే అథ్లెట్లకి అది చిన్న ఖర్చు కాదు.

చివరగా ఎప్పుడు రద్దవుతుంది అన్నది. చదువులో అర్హత పోయినా, తప్పుడు సమాచారం ఇచ్చినా, పెద్ద క్రమశిక్షణ తప్పు చేసినా, తనంతట తాను టీమ్ వదిలినా మధ్యలోనే ఆపొచ్చు. మోకాలికి దెబ్బ తగిలిందని ఆ కాలంలో ఆపకూడదు. అయితే “తనంతట తాను వదలడం” అన్న ముక్కని మీ అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పండి. పద్దెనిమిదేళ్ల పిల్ల కోపంలో కోచ్‌కి “ఐ క్విట్” అని మెసేజ్ పెడితే అది కాగితం మీద రాసిచ్చినట్టే. ఒకరోజు ఆగి మాట్లాడటం నేర్పించండి.

హెచ్-4 సంగతి. అథ్లెటిక్ స్కాలర్‌షిప్, మెరిట్ స్కాలర్‌షిప్ యూనివర్సిటీ సొంత డబ్బు. వాటికి హెచ్-4 అడ్డం కాదు. అడ్డం వచ్చేది ఫెడరల్ డబ్బుకి. ఫాఫ్సా (ప్రభుత్వ సాయానికి పెట్టుకునే దరఖాస్తు) ద్వారా వచ్చే పెల్ గ్రాంటు, ఫెడరల్ లోన్లు సిటిజన్లకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి, ఇంకా కొన్ని వర్గాలకి మాత్రమే. హెచ్-4 అందులో లేదు. కాబట్టి కోచ్ “మిగతాది ఫాఫ్సాలో చూసుకోండి” అంటే ఆ మాట మీకు కుదరదని అప్పుడే చెప్పేయండి. లేకపోతే ఆయన లెక్క ఆయనది, మీ లెక్క మీది అవుతుంది.

ఇంకొకటి వయసు. పాపకి 21 నిండేసరికి మూడో ఏడో నాలుగో ఏడో ఉంటుంది. అప్పటికి గ్రీన్‌కార్డు రాకపోతే హెచ్-4 పోయి ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి. స్కాలర్‌షిప్ దానివల్ల పోదు. కానీ ఇన్-స్టేట్ ట్యూషన్ మీద చదువుతున్నవాళ్లకి స్టేటస్ మారితే కొన్ని రాష్ట్రాల్లో ఇబ్బంది వస్తుంది. అక్కడి రెసిడెన్సీ ఆఫీసుకి ఇప్పుడే ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. మీ గ్రీన్‌కార్డు క్యూ తేదీల లెక్క మాత్రం లాయర్‌నే అడగాలి. ఎన్ఐఎల్ అని ఆటగాళ్లు తమ పేరు, ఫోటో మీద సంపాదించే డబ్బు 2021 జూలై నుంచి వచ్చింది కదా, అది కూడా హెచ్-4, ఎఫ్-1 పిల్లలకి చిక్కే. పని అనుమతి లేకుండా షాపు కోసం ఒక ఇన్‌స్టాగ్రామ్ పోస్టు పెట్టి డబ్బు తీసుకున్నా స్టేటస్‌కి ముప్పు. తోటి పిల్లలు చేస్తున్నారని చేయనివ్వకండి.

అపార్ట్‌మెంట్ ప్రశ్నకి జవాబు ఒక్క మాటలో, కుదరదు. మీమీద ఆధారపడ్డ పిల్ల రెసిడెన్సీ మీతోపాటే ఉంటుంది. మీరు ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తూ, టెక్సస్ ఇంటి పన్ను కడుతూ, ఇంకో రాష్ట్రంలో లీజు కాగితం చూపిస్తే పట్టించుకోరు. మామూలుగా 12 నెలల ముందు నుంచి తల్లిదండ్రులు అక్కడే నిజంగా కాపురం ఉండాలి, చదువు కోసమే వచ్చినట్టు ఉండకూడదు. ఉద్యోగమే అక్కడికి మారితే అది వేరే సంగతి. ఆ అద్దె డబ్బుతో మెరిట్ స్కోరు పెంచుకోవడానికి ఎస్ఏటీ ఇంకోసారి రాయించండి, లాభం ఎక్కువ.

ఇప్పుడు మీవారి వాదన. ఆయన చెప్పేది సగం నిజం. టెక్సస్‌లో ఉండటం చౌక అన్నది నిజం. టెన్నిస్ వదలాలి అన్నది కాదు. మీ ఇంటికి అరగంట దూరంలో రిచర్డ్‌సన్‌లో ఉన్న యూటీ డల్లాస్ 2025లో డివిజన్ 3 వదిలి లోన్ స్టార్ కాన్ఫరెన్స్‌లో చేరింది. అది డివిజన్ 2, అంటే అథ్లెటిక్ స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. అక్కడ మెరిట్ స్కాలర్‌షిప్‌లు గట్టిగా ఉంటాయి, చేరినప్పటి ట్యూషన్ నాలుగేళ్లూ మారదు. మనవాళ్లకి డివిజన్ 2 అంటే చిన్నచూపు. ఆ టీమ్‌ల మ్యాచ్ ఒకటి వెళ్లి చూస్తే ఆ చిన్నచూపు పోతుంది.

డివిజన్ 3లో అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌లే లేవు, కానీ ఎంఐటీ, ఎమరీ, కార్నెగీ మెలన్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో అక్కడే ఆడతాయి. ఐవీ లీగ్ డివిజన్ 1 అయినా ఆట మీద డబ్బు ఇవ్వదు. హార్వర్డ్, ఎంఐటీ లాంటివి 2025 నుంచి రెండు లక్షల డాలర్లలోపు ఆదాయం ఉండి, ఆస్తులు కూడా మామూలుగా ఉన్న కుటుంబాలకి ట్యూషన్ తీసుకోవడం లేదు. హెచ్-4 పిల్లల్ని అక్కడ విదేశీ విద్యార్థులుగా లెక్కపెట్టినా ఈ రెండింట్లో అడ్మిషన్‌కి డబ్బు అవసరాన్ని చూడరు. ఇంట్లో ఇద్దరూ ఐటీ అయితే రెండు లక్షలు దాటే ఉంటారు. అప్పుడు ఎంత వస్తుందో ఆ కాలేజీ వెబ్‌సైట్‌లోని నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ చెప్తుంది. ఇలాంటి కాలేజీలకి ఆట అడ్మిషన్‌లో సాయపడుతుంది, బిల్లులో కాదు.

“ఇన్నేళ్లు అకాడమీకి పోసిన డబ్బంతా ఏమైనట్టు” అని మీరు రాసిన వాక్యం చూశాను. ఆ డబ్బు అయిపోయింది. ఆ ఖర్చు స్కాలర్‌షిప్ రూపంలో తిరిగి రావాలని పట్టుపడితే, పాపకి సరిపడని కాలేజీకి సంతకం పెట్టిస్తారు. ఈ దశలోనే రిక్రూటింగ్ ఏజెంట్లు కూడా తగులుతారు. వీడియో చేసిపెట్టి, కోచ్‌లకి ఈమెయిల్స్ పంపినందుకు ఇంత అని ఫీజు తీసుకుంటే అది మామూలు సర్వీసు. “స్కాలర్‌షిప్ ఇప్పిస్తే అందులో ఇంత శాతం” అని ఎవరైనా అంటే ఆ ఫోన్ పెట్టేయండి. ఎన్‌సీఏఏ రూల్స్ ప్రకారం అతను ఏజెంటు కింద లెక్క, పిల్ల అర్హతకే ఎసరు.

హైదరాబాద్, విజయవాడల నుంచి ఇది చదివే తల్లిదండ్రులకి రెండు ముక్కలు. ఇది మనవాళ్లకి కొత్త దారేమీ కాదు. సాకేత్ మైనేని అలబామాకి, సహజ యమలపల్లి సామ్ హ్యూస్టన్ స్టేట్‌కి కాలేజీ టెన్నిస్ ఆడి వచ్చినవాళ్లే. డివిజన్ 1 టెన్నిస్‌లో సగానికి పైగా విదేశీ ఆటగాళ్లే ఉంటారు. ఎఫ్-1 మీద వచ్చేవాళ్లు ఎప్పుడూ ఔటాఫ్ స్టేట్ ధరలోనే పడతారు కాబట్టి పైన వేసిన నాలుగు రకాల లెక్క మీకు ఇంకా ముఖ్యం. రూమ్, భోజనానికి ఇచ్చే స్కాలర్‌షిప్ డబ్బు మీద పన్ను ఉంటుంది, యూనివర్సిటీ ముందే 14 శాతం పట్టుకోవచ్చు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం వల్ల భారత విద్యార్థులు రిటర్న్ వేసేటప్పుడు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు, పట్టుకున్నది చాలావరకు వెనక్కి వస్తుంది. రిటర్న్ వేయడం మర్చిపోవద్దు. ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలకి పోయే భాగం మీద పన్ను లేదు. ఇది ఇక్కడున్న పిల్లలకీ ఇంతే.

అర్హత కాగితాల గురించి మీకు భయం అక్కర్లేదు. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో రిజిస్టర్ చేయించండి. డివిజన్ 1కి 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో 2.3 జీపీఏ. పదహారులో పది పన్నెండో తరగతి మొదలయ్యేలోపు పూర్తవ్వాలి. వాళ్లకి ఎస్ఏటీ ఇప్పుడు అవసరం లేదు, మెరిట్ కోసం మీకే అవసరం.

ఈ వారం కోచ్‌కి ఒక ఈమెయిల్ పెట్టండి. పంపేది అమ్మాయి పేరు మీదే ఉండాలి, మీరు కాపీలో ఉండొచ్చు. కోచ్‌లు తల్లిదండ్రుల ఈమెయిల్ కంటే పిల్లల ఈమెయిల్‌కి మర్యాదగా, త్వరగా జవాబిస్తారు. “మీరు చెప్పిన 50 శాతం పూర్తి ఖర్చు మీదా, ట్యూషన్ మీదా? ఔటాఫ్ స్టేట్ వేవర్ ఉందా? ఎన్నేళ్లకి? నా మెరిట్ స్కాలర్‌షిప్ దీనికి అదనంగా కలుస్తుందా?” అని నాలుగు లైన్లు చాలు. జవాబు వచ్చాక యూనివర్సిటీ పేరు తీసేసి ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. యూటీ డల్లాస్ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ చూపించిన అంకె కూడా పక్కన పెడితే రెండూ కలిపి చూద్దాం.